బెల్లం రోజు

"బెల్లం సేతిలో ఎడితే సాలమ్మా, గుంటలు ఏడుపందుకుంటారు," అంది చిలకమ్మ.

ఆదిలక్ష్మమ్మ రాస్తున్న పెన్ను ఆగిపోయింది. హెడ్ కానిస్టేబులుగా ఇరవై రెండేళ్ళు పనిచేసి, ఒకరోజు ఒళ్ళు మండి మానేసి, కంచరపాలెంలో సైకిల్ షాపు మేడ మీద డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి ఆమె. దెబ్బలకి ఏడ్చేవాళ్ళని చూసింది. దొంగ ఏడుపులైతే లెక్కే లేదు. బెల్లం ముక్కకి ఏడ్చే పిల్లల గురించి వినడం మాత్రం ఇదే మొదలు.

గురువారం, పగలు పన్నెండూ యాభై. రేవుగట్టు బడి గేటు పక్కన ఇద్దరూ నిలబడి ఉన్నారు. చిలకమ్మ ఆ బడిలో ఆయా. లోపల రెండు వందల మంది పిల్లలు వరసల్లో కూర్చుని మధ్యాహ్న భోజనం చేస్తున్నారు. అంతమంది పిల్లలున్న చోట ఉండాల్సిన గోల లేదు. మధ్యమధ్య దగ్గులు తప్ప ఏమీ వినపడటం లేదు. గోడకి అవతల జలధి యార్డు బొగ్గు గుట్టలు బడి మేడ కంటే ఎత్తుగా ఉన్నాయి.

ఆదిలక్ష్మమ్మ చేతిసంచిలో ఒక నీలం ఇన్‌హేలర్ ఉంది. పొద్దున పిల్లల వార్డులో కామేశ్వరి అది ఆమె చేతిలో పెట్టి, మళ్ళీ వదలలేక కాసేపు పట్టుకునే ఉండిపోయింది.

"ఇది నేకుండా మా ఆయన వీధి సివరికి కూడా ఎల్లరమ్మా. మంగళారం కంగారులో ఇంట్లోనే వదిలీసినారు. మనిషి కనపడక రెండ్రోజులైపోనాది. ఊపిరందక ఎక్కడ పడిపోనారో," అంది ఆమె. పక్క మంచం మీద ఆమె కూతురు, ఎనిమిదేళ్ళ కీర్తన, ముక్కుకి మాస్కు పెట్టుకుని, గాలి అందినప్పుడల్లా "నాన్నేడీ?" అంటోంది. ఉబ్బసం ఆ పిల్లకి తండ్రి నుంచే వచ్చింది.

ఆ తండ్రి పేరు త్రినాథరావు. ఈ బడి మేడ మీద గాలిని పీల్చి, అందులోని దుమ్ముని తెల్ల కాగితం మీద పట్టే మిషన్ ఒకటుంది. ప్రతి మంగళవారం రెండు గంటలకి వచ్చి ఆ కాగితం తీసి ల్యాబుకి ఇవ్వడం అతని పని. జలధి యార్డు గుట్టల్ని బడి గోడ దాకా జరపనివ్వాలా వద్దా అన్నది ఆ కాగితాన్ని బట్టే తేలుతుంది. తేల్చే కమిటీ ఈరోజు మూడింటికి వస్తోంది. ఐదు నెలలుగా కాగితం దాదాపు తెల్లగానే ఉంటోంది. ఒక్క పోయిన నెలలోనే ఈ బడి నుంచి ముప్పై ఒక్క మంది పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు.

"మంగళారం ఏటైందో గంటలతో సహా సెప్పు, సిలకమ్మా."

"పదిన్నరకి మేస్టారు బెల్లం ఎట్టించినారు. పదకొండుకి గుట్టల మీంచి బొగ్గు బుగ్గొచ్చీసింది. పావుగంట తిరక్కుండా కీర్తనమ్మకి పిల్లికూతలు లేసినాయి. నానే భుజానేసుకొని గేటుకాడికి తెచ్చినాను. పదకొండూ ఇరవైకి ఆళ్ళ నాన్న బండి మీదొచ్చినాడు, తల్లి ఆటోలో వచ్చింది. పిల్లని ఆటో ఎక్కించి, 'నువ్వు పద, ఈ మిషన్ ఏటి సేస్తందో సూసొస్తాను' అని మెట్లెక్కినాడు. దిగడం నాను సూళ్ళేదు."

"అంతసేపూ గేటు కాడే ఉన్నావు కదే."

"బుగ్గిలో నా సెయ్యే నాకు కనపళ్ళేదమ్మా."

"సరే. బెల్లం రోజంటే వారంలో ఏ రోజు?"

"రోజంటూ నేదు. ఓపాలి సోమారం, ఓపాలి శనారం. కానీ బెల్లం ఎట్టిన అరగంటకి బుగ్గి దిగక మానదు. బెల్లమే బుగ్గిని పిలస్తాదని గుంటల నమ్మకం. నోట్లో ముక్కెట్టుకొని, ఏడస్తా, గోడకేసి సూస్తా కూకుంటారు." చిలకమ్మ గొంతు తగ్గించింది. "ఇంకో మాట. మేడ కింద, మెట్ల పక్క మూల గది తాళమేసుంటాదా, అందులో ఎవులో ఊపిరి పీలస్తారమ్మా. ముందు బెల్లం రోజునే ఇనపడీది. ఇప్పుడైతే..."

అప్పుడే గేటు ముందు జీపు హారన్ మోగింది. చిలకమ్మ మాట మధ్యలో వదిలేసి గేటు తీయడానికి పరిగెత్తింది. ఆదిలక్ష్మమ్మ జీపు వైపు చూడకుండా హెడ్మాస్టరు గదిలోకి నడిచింది. జీపులో ఎవరున్నారో ఆమెకి చూడక్కర్లేదు. ఆ హారన్ కొట్టే తీరు ఆమెకి ఆరేళ్ళ అలవాటు.

హెడ్మాస్టరు శ్రీరామ్మూర్తికి రిటైర్మెంటు ఇంకా రెండేళ్ళుంది. మనిషి మెత్తన. బల్ల మీద హాజరు పట్టీ పక్కనే బెల్లం డబ్బా ఉంది.

"మా నాన్న రేవులో కళాసీ అమ్మా," అన్నాడు అడగ్గానే. "సాయంత్రం ఇంటికి రాగానే బెల్లం ముక్క బుగ్గన పెట్టుకునేవాడు. గొంతులో దుమ్ము దిగిపోతుందని. దుమ్ములో పనిచేసేవాళ్ళందరికీ అదే మందు."

"మా ఇంట్లోనూ అంతే మేస్టారూ. పని నుంచి వచ్చినాక తినీవోరు. మీరు బుగ్గికి అరగంట ముందే పెడతన్నారు. వచ్చేది మీకెలాగ తెలస్తాది?"

ఆయన డబ్బా మూత పెట్టబోయాడు. అది రెండుసార్లు వంకరగా కూర్చుంది.

"గాలిని బట్టి తెలిసిపోతుందమ్మా."

"గాలిని బట్టి తెలిసీదైతే సిలకమ్మకీ తెలియాల. ఆవిడ మంగళారం బట్టలారేసుకొని, మళ్ళీ ఉతుక్కుందంట."

శ్రీరామ్మూర్తి నోరు తెరిచేలోపు గుమ్మంలో నీడ పడింది.

"ఏం ఆదిలక్ష్మీ, మేస్టార్లను కూడా వదలవా?"

దేవీప్రసాద్. ఒకప్పుడు ఆమె పై అధికారి, సి.ఐ. ఇప్పుడు జలధి యార్డు సెక్యూరిటీకి పెద్ద. ఆదిలక్ష్మమ్మ లేచి నిలబడనైతే లేదు గానీ, నోటికి అలవాటైన "సార్" మాత్రం వచ్చేసింది. ఆ మాట అన్నందుకు తనని తానే తిట్టుకుంది.

అతను బల్ల మీద ఒక పార్కింగు చీటీ పెట్టాడు. "త్రినాథరావు బండి రైల్వే స్టేషన్ స్టాండులో దొరికింది. మంగళవారం పన్నెండూ నలభైకి పెట్టారు. దొంగ రీడింగులు రాశాడు, కమిటీ వస్తోందని తెలిసి రైలెక్కాడు. అయిపోయింది నీ కేసు. ఎండ బాగా ఉంది, ఇంటికెళ్ళు."

"పిల్లకి ఊపిరాడకపోతే తండ్రి రైలెక్కుతాడా సార్?"

"అలా ఎక్కినవాళ్ళని నేను చూశాను. నువ్వూ చూశావు."

నిజమే, చూసింది. మాట గుచ్చుకుంది. కానీ ఆమె చేయి సంచిలోని ఇన్‌హేలర్ మీదికి పోయింది.

"ఉబ్బసం ఉన్నోడు దేశం మీద పడిపోతా పంపు ఇంట్లో వదిలీడు సార్. మేస్టారూ, మేడ తాళం ఇటిచ్చీండి."

ఒంటిగంటా పదిహేనుకి ముగ్గురూ మేడెక్కారు. పైకి రాగానే ఆదిలక్ష్మమ్మ మేడ తలుపుకి మేడ వైపు నుంచి గడియ పెట్టి, తాళంచెవి రొంటిన దోపుకుంది. ఎక్కడ విచారణ చేసినా మధ్యలో మరొకరు రాకుండా దారి మూసేయడం ఆమెకి పాత అలవాటు. దేవీప్రసాద్ నవ్వాడు. ఆ అలవాటు నేర్పింది అతనే.

మిషన్ మేడ నడిమధ్యలో ఉంది. నడుమెత్తు అల్యూమినియం పెట్టె, పైన వాన పడకుండా మూత. తిరుగుతోంది. దగ్గరికి వెళ్తే ఆ చప్పుడు మోటారు చప్పుడులా లేదు. ఎవరో ముక్కుతో గాలి లాగుతూ, వదలడం మర్చిపోయినట్టుగా ఉంది. ఆదిలక్ష్మమ్మ పెట్టెకి చెవి ఆనించింది. ఈ ఊపిరే మూల గదిలో వినపడుతోందన్నమాట అనుకుంది.

పెట్టె ముందు వైపు పసుపు రాసి, మధ్యన కుంకుమ బొట్టు ఉంది. ఈ ఊళ్ళో దసరాకి రేవులో క్రేను దగ్గర్నుంచి వీధిలో కుట్టు మిషన్ దాకా బొట్టు పెట్టని యంత్రం ఉండదు. త్రినాథరావు కూడా ఆయుధపూజ నాడు తన మిషన్‌కి పెట్టుకున్నాడు. ఆదిలక్ష్మమ్మ బొట్టు మీద వేలు రాసి చూసింది. ఎర్రగా అంటింది. అదే చేతి ఇంకో వేలు పిట్టగోడ మీద రాసింది. నల్లగా అంటింది.

"దసరా అయి ఎన్నాళ్ళయింది మేస్టారూ?"

"నాలుగు నెలలు దాటింది."

"ఈ మేడ మీద తెల్ల పంచె ఆరేస్తే రెండ్రోజులకి నల్లబడిపోద్ది. నాలుగు నెల్ల బొట్టు ఇంత ఎర్రగా ఉందేటి?"

"మూత కింద ఉంది కాబట్టి," అన్నాడు దేవీప్రసాద్ వెంటనే. "ఆ మాత్రం నీకు తట్టలేదా?"

"తట్టింది సార్." ఆమె గొంతుక్కూర్చుని, పెట్టె కాలికి భుజం ఆనించి, పళ్ళ బిగువున ఒక అంగుళం లేపింది. "మీకు వంగడం కష్టమైతే మేస్టారిని సూడమనండి."

శ్రీరామ్మూర్తి చూశాడు. కాలు ఆనిన చోట నల్లటి బుగ్గి దట్టంగా అట్ట కట్టి ఉంది.

"నాలుగు నెల్లు కదలకుండా నిలబడినదైతే మిషన్ మీద బుగ్గి ఉండాల, కింద ఉండకూడదు. ఇక్కడ మిషన్ శుభ్రంగా ఉంది, కిందంతా బుగ్గి. అంటే బుగ్గి దిగినప్పుడల్లా దీన్ని ఎవులో ఇక్కణ్ణించి తీసీసి, తగ్గినాక తెచ్చి పెడతన్నారు. బొట్టు తుడవడానికి మాత్రం ఆళ్ళకి సేతులు రాలేదు."

దేవీప్రసాద్ గడియారం చూసుకుని పిట్టగోడ దాకా నడిచి, ఫోన్‌లో ఎవరికో రెండు ముక్కలు చెప్పాడు. ఒంటిగంటా ఇరవై నాలుగు. ఆ మరు నిమిషంలో శ్రీరామ్మూర్తి చొక్కా జేబులో ఫోన్ చిన్నగా వణికింది. ఆయన ఉలిక్కిపడ్డాడు గానీ, తీసి చూడలేదు.

దేవీప్రసాద్ తిరిగొచ్చేసరికి ముఖంలో వెటకారం పోయింది. "రెండు వేల కుటుంబాలు ఆ యార్డు మీద బతుకుతున్నాయి ఆదిలక్ష్మీ. ఒక బొట్టు పట్టుకుని వాళ్ళందరి నోటి దగ్గర కూడు తీసేస్తావా?"

"ఆళ్ళ పిల్లలు కూడా ఈ బళ్ళోనే సదువుతన్నారు సార్. కూడు తినడానికైనా ముందు ఊపిరాడాల కదా."

"తలుపు తియ్యి. నాకు పనుంది."

ఆమె తీసింది. అతని బూట్ల చప్పుడు మెట్ల కింద సద్దుమణిగేదాకా ఆగి హెడ్మాస్టరు వైపు తిరిగింది. ఆయన అప్పటికే నీళ్ళ ట్యాంకు గట్టు మీద కూలబడిపోయి ఉన్నాడు.

"నేను కాదనలేకపోయానమ్మా. యార్డువాళ్ళు బడిని పెందుర్తి అవతలికి మార్పించేస్తామన్నారు. అంత దూరం ఈ పిల్లల్ని ఎవరు పంపుతారు? చదువే మానేస్తారు. యార్డులో బొగ్గు గుట్ట తిరగేసి బుగ్గి లేపే ముందు ఫోర్‌మన్ గోపి నాకు మెసేజ్ పెడతాడు. వాడి పిల్లలిద్దరూ ఇక్కడే. అరగంట టైముంటుంది. ఈలోపు యార్డు మనుషులు వచ్చి మిషన్‌ని మూల గదిలోకి దింపుతారు, మర్నాడు పైకెక్కిస్తారు."

"బెల్లం?"

"బుగ్గిని ఆపలేనివాణ్ణి. గొంతులోనైనా దిగిపోతుందని..." ఆయన కళ్ళజోడు తీసి ఏడ్చాడు. ఆదిలక్ష్మమ్మకి చెంప మీద కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఆ ముసలి చేతులు చూస్తే జాలీ వేసింది. రెండింటినీ పక్కన పెట్టి గంటలు అడిగింది.

"మంగళారం ఎప్పుడు దింపినారు? ఎప్పుడెక్కించినారు?"

"పది నలభైకి దింపారు. బుధవారం పొద్దున్న ఏడింటికి ఎక్కించారు. త్రినాథరావు ఎప్పుడూ రెండింటికి వచ్చేవాడు, మిషన్ కింద ఉన్న రోజైతే మర్నాడు రమ్మని పంపేసేవాణ్ణి. ఆ రోజు పాప కోసం ముందే వచ్చి, నాకు చెప్పకుండా మేడెక్కేశాడు. ఖాళీ మేడ చూశాడు. తర్వాత మెట్ల దగ్గర యార్డు మనుషులతో గొడవ పడుతుంటే విన్నాను. అతన్ని బయటికి తీసుకుపోయారనుకున్నానమ్మా, ఒట్టు. అప్పట్నుంచి ఆ గది తాళం మాత్రం నాకివ్వలేదు."

ఆదిలక్ష్మమ్మ మేడ తలుపుకి మెట్ల వైపు నుంచి తాళం వేసి, చెవి మళ్ళీ రొంటిన దోపుకుంది. మూల గది ఒక అంతస్తు కింద, మెట్ల పక్కనే ఉంది. పిలవగానే చిలకమ్మ తోటపని గునపం తెచ్చింది. కొంగు బిగించి రెండు పోట్లు పొడిచేసరికి గొళ్ళెం ఊడి కింద పడింది.

గది తలుపు తీయగానే ముగ్గురూ గుమ్మంలోనే ఆగిపోయారు. ఈ బడిలో ఏ గోడ మీద చెయ్యి పెట్టినా నలుపు అంటుతుంది. ఆ గది నేల మాత్రం తెల్లగా, కడిగిన పళ్ళెంలా ఉంది. మిషన్ కాళ్ళు ఆనిన నాలుగు గుర్తులు మధ్యలో ఉన్నాయి. బెల్లం రోజుల్లో రెండు వందల మంది పిల్లలు బుగ్గి పీలుస్తుంటే, మిషన్ ఇక్కడ మంచి గాలి పీల్చుకుంటూ కూర్చుందన్నమాట. గది ఖాళీ. పైన అటక మీద పాత మ్యాపులు చుట్టలు చుట్టి ఉన్నాయి.

"సూసినావా సిలకమ్మా, దెయ్యం లేదు, ఏటీ లేదు. ఇందులో ఊపిరి పీల్సింది మిషనే," అంది ఆదిలక్ష్మమ్మ.

చిలకమ్మ గునపం వదల్లేదు. "మరి ఈ పొద్దున్న పదింటికి పీల్సింది ఎవులమ్మా? నిన్నా పీల్సినారు. అదే కదా గేటుకాడ నాను సెప్పబోయింది, ఇప్పుడైతే రోజూ ఇనపడతందని."

ఆదిలక్ష్మమ్మ వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టింది. మిషన్ నిన్న పొద్దున్న ఏడింటికే పైకెక్కింది. నిన్నటి నుంచి ఈ గదిలో మిషన్ లేదు.

ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. గదిలో మాత్రం ఊపిరి ఆగలేదు. సన్నగా, చివర ఈల వేస్తూ, ఒకసారి వచ్చి చాలాసేపు రాకుండా ఉండి, మళ్ళీ వచ్చింది. పిల్లికూత. పొద్దున పిల్లల వార్డులో కీర్తన మాస్కు లోంచి విన్నది ఇదే.

ఆమె బెంచీ లాగి అటకెక్కింది. మ్యాపుల చుట్టల వెనక త్రినాథరావు ఒళ్ళంతా తాళ్ళతో, నోటి మీద టేపుతో పడి ఉన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. టేపు లాగేసి, తల ఒళ్ళో పెట్టుకుని, ఇన్‌హేలర్ ఊపి నోట్లో రెండుసార్లు నొక్కింది. ఇలాంటప్పుడు దేవుణ్ణి పిలవడం ఆమెకి అలవాటు లేదు, ఆ నిమిషం మాత్రం పిలిచింది. మూడోసారి నొక్కాక అతని ఛాతీ లేచింది.

"పాప?" అన్నాడు.

"బాగుంది. నాన్నేడీ అని అడగతంది."

అతను కళ్ళతో కిటికీ చూపించాడు. అప్పుడు చూసింది ఆమె. ఇన్నాళ్ళూ సందులకి అంటించిన టేపు కోసి వేలాడుతోంది. రెక్కలు రెండూ యార్డు వైపు బార్లా తెరిచి ఉన్నాయి. కోసిన టేపు జిగురు మీద ఇంకా ఒక్క నల్ల చుక్క కూడా పడలేదు.

"పొద్దున్న... దేవీప్రసాద్ తీసినాడు," అన్నాడు త్రినాథరావు ఒక్కో మాటకీ ఆగుతూ. "'నిన్ను మేం ముట్టుకోం. బుగ్గే సూసుకుంటది. తరవాత తాళ్ళు ఇప్పేస్తే, దాక్కున్నోడు ఆయాసంతో పోయాడంటారు' అన్నాడు."

కింద శ్రీరామ్మూర్తికి మేడ మీద వణికిన ఫోన్ అప్పుడు గుర్తొచ్చింది. జేబులోంచి తీసి వాయిస్ మెసేజ్ నొక్కాడు. గోపి గొంతు గదంతా వినపడింది.

"మేస్టారూ, మా సారు ఇప్పుడే గుట్ట తిరగెయ్యమంటన్నారు. నీళ్ళు కూడా కొట్టొద్దంటన్నారు. ఎందుకో సెప్పనేదు. పిల్లలకి బెల్లం ఎట్టీయండి."

"ఎప్పుడొచ్చిందది?"

"ఒంటిగంటా ఇరవై ఐదుకి."

ఆమె గడియారంలో ఒంటిగంటా యాభై రెండైంది. ఎవరినో చంపడానికే గుట్ట తిరగేయిస్తున్నారని ఆ గోపికి తెలీదు. తనకి అలవాటైన మాట తను చెప్పాడు. దేవీప్రసాద్ అన్నీ లెక్క వేసుకున్నాడు గానీ, ఒక తండ్రికి తన పిల్లల నోట్లో బెల్లం ముక్క గుర్తుంటుందన్నది మర్చిపోయాడు.

"మూడు నిమిషాలుంది మేస్టారూ. ఆటల పీరియడ్‌లో ఉన్నారు పిల్లలు. ఈ ఒక్కసారైనా బెల్లం కాదు, గంట కొట్టండి. అందర్నీ లోపలేసి తలుపులు మూసీండి. సిలకమ్మా, నీళ్ళు!"

ఆ ముసలాయన మెట్లు దూకుతూ దిగాడు. ఆదిలక్ష్మమ్మ కిటికీ రెక్కలు లాగి మూసి, కొంగు చింపి, చిలకమ్మ తెచ్చిన నీళ్ళలో తడిపి సందుల్లో కుక్కింది. ఇంకో ముక్క త్రినాథరావు ముక్కుకి కట్టింది. కింద గంట ఆగకుండా మోగుతోంది. అద్దం అవతల గుట్ట మీద నుంచి మొదటి నల్లటి తెర లేచింది.

అప్పుడు మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. ఇద్దరు మనుషులు, బరువు మోయడానికి అలవాటైన నడక. చిలకమ్మ గునపం ఎత్తి తలుపు వెనక నిలబడింది. అడుగులు మూల గది ముందు ఆగలేదు. పైకి పోయాయి. మేడ తలుపు ఒకసారి కదిలింది. తాళం కప్ప టకటకమంది. తర్వాత భుజాలతో గుద్దడం మొదలైంది.

"మిషన్ దింపడానికొచ్చినారు," అన్నాడు త్రినాథరావు గుడ్డలోంచి. "లోపల... కొత్త కాగితం ఉంది. మంగళారం మార్సడానికి తెచ్చింది. ఆళ్ళు నన్ను కట్టీసీలోపే ఈ గదిలో నానే పెట్టినాను. ఈ బుగ్గంతా ఇప్పుడు దాని మీదే పడతాది."

ఆదిలక్ష్మమ్మ రొంటిన ఉన్న తాళంచెవిని చేత్తో తడుముకుంది. మూడింటికి కమిటీ. ఇంకా గంటకి పైగా ఆ తలుపు ఆగాలి, ఈ మనిషి ఊపిరీ ఆగకూడదు. గది చీకటి పడిపోయింది. తలుపు మీద దెబ్బల మధ్య, ఐదు నెలల్లో మొదటిసారి ఒక బెల్లం రోజున, మేడ మీద మిషన్ ఊపిరి పీలుస్తున్న చప్పుడు వాళ్ళకి వినపడుతూనే ఉంది.